ఉద్యోగం మానేసి పూర్తికాల సేవకు వెళ్లాలనుంది: ఇది పిలుపా, నా కోరికా?

సందేహి_38:
అందరికీ వందనాలు. ఇక్కడ చాలా రోజులుగా చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదటిసారి. కొంచెం పెద్దగా రాస్తున్నాను, ఓపికగా చదవండి.

పదకొండేళ్లుగా ఒకే కంపెనీలో అకౌంట్స్ చూస్తున్నాను. ఆరేళ్లుగా సాయంత్రాలు, ఆదివారాలు జైలు పరిచర్యకు వెళ్తున్నాను. పోయిన నెలలో ఒక పరిచర్య వాళ్లు పూర్తికాలం వచ్చేయమని అడిగారు. వేరే ఊరికి మారాలి. జీతం ఇప్పుడు వచ్చేదాంట్లో మూడో వంతు. ఇద్దరు పిల్లలు, పెద్దవాడికి పన్నెండేళ్లు. నెలాఖరుకల్లా జవాబు చెప్పాలి.

ప్రార్థన చేస్తున్నాను. మూడు శుక్రవారాలు ఉపవాసం ఉన్నాను. ఆ మధ్య ఆదివారం ప్రసంగం, దేవుడు పిలిస్తే అబ్రాహాము సొంత ఊరు విడిచి బయలుదేరడం గురించే వచ్చింది. సంఘంలో ఒక సిస్టర్ నా గురించి కల వచ్చిందన్నారు. ఇద్దరు బ్రదర్స్ ‘దేవుడు మీతో మాట్లాడుతున్నాడు, ఆలస్యం చేయొద్దు’ అన్నారు. నేనూ ఒక గుర్తు అడిగాను. శుక్రవారం లోపు మా మేనేజర్ తనంతట తాను పిలిచి మాట్లాడితే వెళ్లమని అర్థం అనుకున్నాను. గురువారం పిలిచారు. కానీ సెలవుల లిస్టు గురించి మాట్లాడి పంపేశారు. దాన్ని గుర్తుగా తీసుకోవాలా, వద్దా?

రాజీనామా లేఖ ఫోన్‌లో డ్రాఫ్ట్‌గా ఉంది. రోజూ రాత్రి తెరిచి ఒక పదం మార్చి మూసేస్తున్నాను. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. దేవుని చిత్తం తప్పిపోతానేమో అని భయం. మీలో ఎవరైనా ఇలాంటి మలుపు దాటినవాళ్లుంటే చెప్పండి.

మోకాళ్ల_ప్రార్థన:
మీ కోసం ప్రార్థిస్తున్నాను బ్రదర్. మనసులో సమాధానం, అంటే నెమ్మది, ఎటు ఉంటే అటే దేవుని చిత్తం. సమాధానం వచ్చేదాకా కదలకండి.

బెరయవాసి:
వందనాలు సందేహి గారు. పైన చెప్పిన మాట ప్రేమతో చెప్పిందే, కానీ నాకు దాని మీద ఒక అభ్యంతరం ఉంది. యోనా దేవుని దగ్గర్నుంచి పారిపోతూ ఓడ అడుగున గాఢనిద్ర పోయాడు. తుపాను లేచినా మెలకువ రాలేదు. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో ప్రభువు తండ్రి చిత్తానికి సరిగ్గా నడి మధ్యలో ఉన్నాడు, అయినా ప్రాణం మరణమంత దుఃఖంలో మునిగింది. కాబట్టి నిద్ర పట్టడాన్నీ పట్టకపోవడాన్నీ కొలబద్దగా పెట్టుకోకండి.

గుర్తు సంగతి. మనమందరం గిద్యోను గొర్రెబొచ్చును తలుచుకుంటాం, దాన్ని నేల మీద పరచి, మంచు దాని మీదే పడాలని దేవుణ్ణి గుర్తు అడిగిన సంగతి. న్యాయాధిపతులు 6వ అధ్యాయం ఇంకోసారి నెమ్మదిగా చదవండి. గొర్రెబొచ్చు పరచకముందే గిద్యోనుకు ఏం చేయాలో దేవుడు స్పష్టంగా చెప్పేశాడు. ‘నీవు చెప్పినట్టు’ అని అతనే ఒప్పుకుంటూ అడుగుతున్నాడు. అంటే తెలియక కాదు, తెలిసిన మాట మీద నిలబడే ధైర్యం చాలక. దేవుడు దయతో ఆ బలహీనతను భరించాడు. దాన్ని మనకు నియమంగా ఇవ్వలేదు. మేనేజర్ గారు పిలిచిన సంగతి వదిలేయండి. ఆయన పిలిచింది సెలవుల లిస్టు గురించి, అంతే.

అగ్నిస్తంభం:
నేను పూర్తిగా వేరే మాట చెప్తాను, ఏమీ అనుకోవద్దు. అబ్రాహాము ఎవరి సలహా అడిగాడు? ఎక్కడికి వెళ్తున్నాడో తెలియకుండానే బయలుదేరాడు. పౌలు గలతీయులకు రాస్తూ, దేవుడు తన కుమారుణ్ణి నాలో బయలుపరచినప్పుడు నేను మనుషులతో సంప్రతించలేదు అన్నాడు. పిలుపు వచ్చాక పదిమందిని అడుగుతూ తిరిగితే పదకొండో వాడు ఆపేస్తాడు. నేను పదేళ్ల కిందట అందరూ వద్దన్నా పూర్తికాల సేవలోకి వచ్చాను. దేవుడు ఒక్కరోజు కూడా నన్ను విడిచిపెట్టలేదు. లెక్కలు వేసుకుంటూ కూర్చుంటే విశ్వాసం ఎక్కడ బ్రదర్?

బెరయవాసి:
అన్నా, మీ సాక్ష్యానికి దేవునికి స్తోత్రం. మీకు ఆ పిలుపు రాలేదని నేను అనను. కానీ అదే గలతీ పత్రికలో ఇంకా ముందుకు వెళ్దాం. మూడేళ్ల తర్వాత పౌలు యెరూషలేము వెళ్లి పేతురు దగ్గర పదిహేను రోజులున్నాడు. పద్నాలుగేళ్ల తర్వాత మళ్లీ వెళ్లి, తాను ప్రకటించే సువార్తను పెద్దల ముందు ఏకాంతంగా పెట్టాడు, తన ప్రయాస వ్యర్థం కాకూడదని. సువార్త తనకు మనుషుల నుంచి రాలేదన్నది అక్కడ అతని వాదం. ఎవరినీ అడగొద్దన్నది కాదు. పైగా అంతియొకయ సంఘంలో బర్నబాను, పౌలును తన పని కోసం ప్రత్యేకించమని దేవుని మాట వచ్చింది అందరూ ఆరాధిస్తూ ఉపవాసం ఉన్నప్పుడు. వాళ్లిద్దరే ఒక మూల కూర్చుని తేల్చుకోలేదు. చేతులుంచి పంపింది మిగతావాళ్లు.

తిమోతి_అమ్మమ్మ:
బాబూ, నీ పోస్టు రెండుసార్లు చదివాను. మేనేజర్ ఏమన్నాడో ఉంది, కల వచ్చిన సిస్టర్ ఏమన్నదో ఉంది, ఇద్దరు బ్రదర్స్ మాట ఉంది. మీ ఆవిడ మాట ఒక్కటీ లేదేం?

సందేహి_38:
అడిగానండీ అమ్మా. ‘మీ ఇష్టం, దేవుడు మీకు ఎలా చెప్తే అలా’ అంది. అడ్డు చెప్పలేదు.

తిమోతి_అమ్మమ్మ:
అది ఒప్పుకోలు కాదు నాయనా. నలభై ఏడేళ్ల సంసారంలో ఆ మాట నేనూ చాలాసార్లు అన్నాను. అన్న ప్రతిసారీ లోపల ఇంకో మాట ఉండేది. ‘దేవుడు చెప్పాడు’ అని నువ్వు ముందే అనేస్తే ఆమె ఇంకేం మాట్లాడుతుంది? నీతో వాదిస్తే దేవునితో వాదించినట్టు అవుతుందని ఊరుకుంటుంది. ఆ మాట పక్కన పెట్టి మళ్లీ అడుగు. అడిగి, నువ్వు జవాబు చెప్పకు. విను.

గాయపడిన_రెల్లు:
అమ్మమ్మ గారి మాట చదివాక రాయకుండా ఉండలేకపోయాను.

నాకు ఇరవై నాలుగేళ్లప్పుడు ఒక సంబంధం వచ్చింది. నాకు ఇష్టం లేదు. మా ఇంట్లో వాళ్లకూ సందేహంగానే ఉంది. ఒక పెద్ద సేవకుడు నా తల మీద చెయ్యి పెట్టి ‘ఇది ప్రభువు ఏర్పాటు, కాదంటే దీవెన పోగొట్టుకుంటావు’ అన్నారు. అక్కడితో అందరి నోళ్లూ మూతపడ్డాయి. అబ్బాయి గురించి విచారించాలనుకున్న మా అన్నయ్య కూడా, దేవుడే చెప్పాక విచారించడం అవిశ్వాసం అవుతుందేమో అని ఆగిపోయాడు. ఆ పెళ్లి మూడేళ్లు కూడా నిలవలేదు. ఏం జరిగిందో ఇక్కడ రాయలేను. తర్వాత ఆ సేవకుడి దగ్గరికి వెళ్తే నా విశ్వాసంలో లోపం ఉందన్నారు.

దేవుడు నన్ను వదలలేదు, ఇప్పుడు బాగానే ఉన్నాను. కానీ ఆ రోజు ఎవరైనా ఒక్కరు ‘రెండు నెలలు ఆగుదాం’ అని ఉంటే చాలు. దేవుడు నిజంగా చెప్పిన మాట అయితే రెండు నెలల్లో మారిపోతుందా? ‘ఆలస్యం చేయొద్దు’ అని మీతో అన్న ఆ ఇద్దరు బ్రదర్స్‌కి మీరు వెళ్తే పోయేది ఏమీ లేదు. అది గమనించండి అన్నయ్యా. పోయేదేదైనా ఉంటే మీ ఇంటికే.

కాపరి_22:
చెల్లమ్మా, ఒక కాపరిగా నీకు క్షమాపణ చెప్తున్నాను. ఆ మాట అన్నది నేను కాకపోయినా.

ఇరవై రెండేళ్లుగా సంఘం చూస్తున్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది నిర్ణయం అయిపోయాకే వస్తారు. వాళ్లకు కావలసింది ఆలోచన కాదు, దాని మీద నా ముద్ర. యిర్మీయా 42లో ఇదే జరిగింది. జనమంతా వచ్చి, మాకు మంచిదైనా చెడ్డదైనా దేవుడు చెప్పినట్టే చేస్తాం, అడిగి చెప్పు అన్నారు. యిర్మీయా అంతటి ప్రవక్తకు జవాబు రావడానికి పది రోజులు పట్టింది. పది రోజులు ఆగాడు, సొంత మాట చెప్పలేదు. తీరా ఐగుప్తుకు (ఈజిప్టుకు) వెళ్లొద్దు అని చెప్పేసరికి నువ్వు అబద్ధం చెప్తున్నావన్నారు. ఐగుప్తుకు వెళ్లాలని వాళ్లు ముందే అనుకున్నారు.

నా తప్పు కూడా చెప్పాలి. కొన్నేళ్ల కిందట ఒక కుర్రాడు, దాదాపు మీ పరిస్థితే, ఆరాధన అయ్యాక తలుపు దగ్గర నన్ను ఆపి అడిగాడు. జనం వెళ్లిపోతున్నారు, కుర్చీలు సర్దుతున్నారు. నేను అతని భుజం తట్టి ‘వెళ్లు, ప్రభువు నీకు తోడుంటాడు’ అన్నాను. అర నిమిషం. ఇంటికి వెళ్లాక మనసు కుదురుగా లేదు. 2 సమూయేలు 7 గుర్తొచ్చింది. దావీదు మందిరం కడతానంటే నాతాను ప్రవక్త వెంటనే, నీకు తోచినదంతా చెయ్యి, యెహోవా నీకు తోడుగా ఉన్నాడు అన్నాడు. మంచి మనిషి, మంచి కోరిక, నిజమైన ప్రవక్త. అయినా ఆ రాత్రే దేవుడు నాతానుతో కాదన్నాడు. పొద్దున్నే వెళ్లి తన మాట తానే దిద్దుకోవాల్సి వచ్చింది. నేనూ మర్నాడు ఆ అబ్బాయికి ఫోన్ చేసి, నిన్న నేను ప్రార్థించకుండా చెప్పాను, రా, కూర్చుని మాట్లాడదాం అన్నాను. అతను ఒక గంట సేపు చెప్పాక అసలు విషయం బయటపడింది. అతనికి ఆఫీసులో ఒకరితో పడటం లేదు.

సందేహి గారు, మీకూ అదే అని నేను అనడం లేదు. మిమ్మల్ని మీరు ఒకసారి అడిగి చూసుకోండి.

లోయోలా_మిత్రుడు:
నేను కతోలిక సభ్యుణ్ణి, మా సంప్రదాయంలో ఒక మంచి సాధన ఉంది, చెప్పొచ్చనుకుంటున్నాను. ఇగ్నేషియస్ లయోలా మొదట సైనికుడు, తర్వాత జెస్యూట్ల సభను స్థాపించాడు. 1521లో పంప్లోనా దగ్గర ఫిరంగి గుండు తగిలి కాలు విరిగి నెలల తరబడి మంచం మీద ఉన్నాడు. అప్పుడు తన మనసును గమనించాడు. శౌర్యం గురించి, కీర్తి గురించి కలలు కంటున్నంతసేపూ బాగుండేది, తర్వాత లోపలంతా ఎండిపోయినట్టు ఉండేది. పునీతుల్లా బతకాలని తలచినప్పుడు ఆ సంతోషం తర్వాత కూడా మిగిలేది. ఆ తేడా మీదే ఆయన బోధ చాలావరకు నిలబడింది. ఆలోచిస్తున్నప్పటి ఉత్సాహం చూడకండి, అది అయిపోయాక రెండు గంటలకు లోపల ఏం మిగిలిందో చూడండి.

ఆయన చెప్పిన రెండు మాటలు మీకు పనికొస్తాయి. మనసు కుంగి, చీకటిగా ఉన్నప్పుడు అంతకుముందు తీసుకున్న నిర్ణయాన్ని మార్చొద్దు. రెండోది, మీరెప్పుడూ చూడని మనిషి ఒకడు ఇదే ప్రశ్నతో వచ్చాడనుకోండి, అతని మేలు తప్ప మీకు ఇంకేమీ అక్కర్లేదు. అతనికి ఏం చెప్తారో అది మీరు పాటించండి. నేను కాగితం మీద రాసి చూశాను ఒకసారి. నాకే ఆశ్చర్యమేసింది, నేను నాకు చెప్పుకుంటున్నదానికి అది పూర్తిగా ఎదురు మాట.

అగ్నిస్తంభం:
చెల్లెమ్మ సాక్ష్యం చదివాను. నా మాట ఆమెకు నొప్పి కలిగించి ఉంటే క్షమించమ్మా. నేను చెప్పింది వెనక్కి తీసుకోను గానీ, ఒకటి కలుపుతాను. నేను వచ్చేటప్పుడు మా ఆవిడ నాకంటే ముందే సిద్ధంగా ఉంది. అది పైన రాయలేదు. రాయాల్సింది.

గోడ_కట్టేవాడు:
లెక్కలు వేసుకుంటే విశ్వాసం ఎక్కడ అన్న ప్రశ్నకు, పారసీక రాజు కొలువులో పనిచేసిన యూదుడు నెహెమ్యాను చూడమంటాను. యెరూషలేము గోడ కూలి ఉన్న సంగతి విన్నది కిస్లేవు నెలలో, రాజు ముందు నోరు తెరిచింది నీసానులో. మధ్యలో నాలుగు నెలలు ఉపవాసం, ప్రార్థన. రాజు ‘నీకేం కావాలి’ అనగానే మనసులో దేవునికి ప్రార్థించి జవాబు చెప్పాడు. ఆ జవాబు చూడండి. ఎంతకాలం పడుతుందో చెప్పాడు. నది అవతలి అధికారులకు లేఖలు అడిగాడు. అడవి చూసే ఆసాపుకు లేఖ అడిగాడు, కోట గుమ్మాలకు, గోడకు, తాను ఉండబోయే ఇంటికి కలప కావాలని అప్పటికే ఆలోచించి పెట్టుకున్నాడు. నాలుగు నెలల ప్రార్థనలో ఈ లెక్కంతా కూడా జరిగిందని నాకనిపిస్తుంది.

అందుకే అడుగుతున్నాను. ఆ పరిచర్య వాళ్ల జమాఖర్చులు చూశారా? మీ జీతం ఎవరి విరాళం మీద ఆధారపడి ఉంది? ఆ మనిషి ఆగిపోతే? మీకు ముందు ఆ పనిలో ఉన్న ఆయన ఎందుకు వెళ్లిపోయారు? ఆయనతో మాట్లాడారా?

సందేహి_38:
ఒక్కదానికీ నా దగ్గర జవాబు లేదు అన్నా. అడగడం అమర్యాద అనుకున్నాను.

ఇంకో సంగతి. మా మామగారు ఈ విషయం విని ‘ఒకసారి నాతో మాట్లాడు’ అని కబురు పెట్టారు. రెండు వారాలుగా తప్పించుకుంటున్నాను. ఆయన విశ్వాసి కాదు. ఆత్మ సంబంధమైన విషయం ఆయనకేం తెలుస్తుంది అనుకున్నాను.

బెరయవాసి:
సందేహి గారు, మోషేకు సలహా చెప్పింది ఎవరు? మామే. యిత్రో మిద్యాను యాజకుడు, ఇశ్రాయేలీయుడు కాదు. దేవునితో ముఖాముఖిగా మాట్లాడే మోషే, సముద్రాన్ని దాటించిన మోషే. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్కడే కూర్చుని తీర్పు తీరుస్తుంటే యిత్రో ఒక రోజంతా చూశాడు. చూసి, నువ్వు చేసేది మంచిది కాదు, నువ్వూ నలిగిపోతావు, జనమూ నలిగిపోతారు అన్నాడు. మోషే తన మామ మాట విని ఆయన చెప్పినట్టే చేశాడని రాసి ఉంది. యిత్రో ఇంకో మాట కూడా అన్నాడు, నాకు ఎంతో ఇష్టమైన మాట: దేవుడు నీకు అలా ఆజ్ఞ ఇస్తేనే చెయ్యి అని. సలహా చెప్పి, దాన్ని దేవుని ముందు పెట్టుకొమ్మని వదిలేశాడు. తొందరపెట్టలేదు, భయపెట్టలేదు.

మీ మామగారు మీ పిల్లలకు తాతయ్య. ఆయనకు ఈ విషయంలో పోయేది ఉంది. వెళ్లండి.

నిశ్శబ్దం:
చిన్న సూచన. క్వేకర్లు అనే క్రైస్తవ శాఖ సంఘాల్లో ఒక పద్ధతి ఉంది. నిర్ణయం తీసుకోవాల్సిన వాళ్ల చుట్టూ కొద్దిమంది కూర్చుంటారు. సలహా ఇవ్వడానికి వీల్లేదు, ప్రశ్నలే అడగాలి, అదీ జవాబు తమకు ముందే తెలియని ప్రశ్నలు. మధ్యలో చాలాసేపు ఎవరూ మాట్లాడరు. పెళ్లి చేసుకోబోయే వాళ్ల కోసం మొదట్లో వాడేవారు. నేను ఒకసారి అలా కూర్చున్నాను. సలహాలు వింటే నన్ను నేను ఎప్పుడూ సమర్థించుకుంటాను, ప్రశ్నల ముందు అలా కుదరలేదు.

సందేహి_38:
ఒక్క భయం మాత్రం పోవడం లేదు. ఆగితే అదే తప్పయితే? వెళ్తే అదే తప్పయితే?

చలికాలం_ముందు:
బోన్‌హోఫర్ సంగతి చెప్తాను. హిట్లర్‌ను ఎదిరించిన జర్మన్ కాపరి. 1939 జూన్‌లో న్యూయార్క్ చేరాడు, వయసు 33. యుద్ధం వచ్చేలా ఉందని స్నేహితులే ఏర్పాట్లు చేసి క్షేమంగా పంపారు. చేరిన దగ్గర్నుంచి మనసు నిలవలేదు. కొద్ది రోజుల్లోనే, నేనిక్కడ ఉండను అని చెప్పేశాడు. తాను ఎందుకు వెళ్తున్నాడో తనకే పూర్తిగా తేటగా లేదని డైరీలో రాసుకున్నాడు. జూన్ 26న ఆ రోజు వాక్యంలో, శీతకాలం రాకముందే వచ్చేందుకు ప్రయత్నించు అని పౌలు తిమోతికి రాసిన మాట కనిపించి అతన్ని రోజంతా వెంటాడింది. గమనించండి, వాక్యం వచ్చింది నిర్ణయం తర్వాత. జులైలో తిరుగు ఓడ ఎక్కాడు. నాజీలు 1943లో అరెస్టు చేశారు, 1945 ఏప్రిల్ 9న ఉరితీశారు.

ఫలితం చూసి అతని నిర్ణయం తప్పు అనగలమా? నేను అనలేను. తన ఉద్దేశాలు తనకే పూర్తిగా అర్థం కానివాడిని కూడా దేవుడు చెయ్యి పట్టి నడిపించాడు. మీరు ఒక సన్నని తాడు మీద లేరు బ్రదర్. ఒక్క అడుగు తప్పితే వదిలేసే తండ్రి కాదు ఆయన.

సందేహి_38 (పన్నెండు రోజుల తర్వాత):
అందరికీ వందనాలు. ఆలస్యానికి క్షమించండి.

అమ్మా, మీరు చెప్పినట్టే చేశాను. పిల్లలు పడుకున్నాక మా ఆవిడతో, దేవుడు చెప్పాడు అన్న మాట నేను వెనక్కి తీసుకుంటున్నాను, నీ మనసులో ఉన్నది చెప్పు అన్నాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత లేచి వెళ్లి ఇంటి ఖర్చులు రాసే పుస్తకం తెచ్చింది. చివరి పేజీలో పెన్సిల్‌తో నాలుగు ప్రశ్నలు రాసుకుని ఉంది. నెల కిందటే రాసిందట. మొదటి రెండూ పిల్లల గురించి. నాలుగోది వాళ్ల అమ్మ ఆరోగ్యం గురించి. మూడోది ఇది: ‘పోయినేడు ఆ ప్రమోషన్ ఆయనకే వచ్చి ఉంటే ఈ పిలుపు వినిపించేదా?’

ఆ ప్రమోషన్ సంగతి ఇక్కడ మీకెవరికీ చెప్పలేదు. కాపరి గారి పోస్టు చదివినప్పుడు కూడా అది నాకు తట్టలేదు, నిజంగా. ఆ పెన్సిల్ గీతలు చూస్తూ కూర్చుండిపోయాను. ఇద్దరం ఏడ్చాం. పెళ్లయిన పద్నాలుగేళ్లలో ఇద్దరం కలిసి అంతసేపు ప్రార్థన చేసింది ఆ రాత్రే.

మామగారి దగ్గరికి వెళ్లాను. నేను భయపడినట్టు ఆయన తిట్టలేదు. అన్నీ విని ‘నువ్వు అకౌంట్స్ చూసేవాడివి కదయ్యా, వాళ్ల అకౌంట్స్ అడిగావా?’ అన్నారు. గోడ కట్టే అన్న అడిగిందే. అడిగాను. పరిచర్య వాళ్లు ఏమాత్రం నొచ్చుకోకుండా మూడేళ్ల పుస్తకాలు పంపించారు. బాగానే ఉన్నాయి, కానీ సగానికి పైగా ఒకే దాత నుంచి వస్తోంది. ముందున్న ఆయనతోనూ మాట్లాడాను. ఆయన వెళ్లింది తల్లిదండ్రుల అనారోగ్యం వల్ల, వేరే ఏమీ లేదు.

నెలాఖరుకి జవాబు చెప్పలేనని వాళ్లకు రాశాను. ఆరు నెలలు అడిగాను. ఈలోపు నెలకు రెండు శనివారాలు వెళ్లి వాళ్ల లెక్కలు చూసి పెడతాను, ఒకసారి కుటుంబమంతా వచ్చి ఉంటాం అన్నాను. ఇంకెవరైనా దొరికితే ఎదురుచూడలేమని చెప్పారు, అది న్యాయమే. మొదటి శనివారం వెళ్లి వచ్చాను. మా ఆవిడా వచ్చింది.

మూడో ప్రశ్నకు మాత్రం ఇంకా జవాబు దొరకలేదు. ఒక్కోరోజు వినిపించేదే అనిపిస్తుంది, ఒక్కోరోజు కాదనిపిస్తుంది. రాజీనామా డ్రాఫ్ట్ తీసేయలేదు. తేదీ ఉన్నచోట ఖాళీ వదిలాను. నిద్ర పడుతోంది.

మోకాళ్ల_ప్రార్థన:
స్తోత్రం. ఆరు నెలలూ మీ ఇద్దరి పేరునా ప్రార్థిస్తాను.

గాయపడిన_రెల్లు:
వదిన గారికి నా వందనాలు చెప్పండి అన్నయ్యా. ఆ పుస్తకం దాచుకోమనండి.

తిమోతి_అమ్మమ్మ:
ఆ మూడోదానికి జవాబు దొరికిన రోజు ముందు ఆమెకు చెప్పు నాయనా. మాకు తర్వాత చెప్పొచ్చు.